వెజేర్ ఏటి ఒడ్డున ఒక ఊరు, బేతంచెర్ల దగ్గర నా పేరు

ప్రాజెక్టు పని మీద ఫ్రాన్సులోని బోర్డో వచ్చి ఐదు నెలలయింది. ఈ ఐదు నెలల్లో మా టీములో మనవాళ్ళందరూ ఈఫిల్ టవర్ ముందు ఫొటోలు దిగేశారు, స్విట్జర్లాండ్ వెళ్ళి మంచులో సినిమా స్టెప్పులు కూడా వేసేశారు. నేను మాత్రం నవంబర్లో రెండు రోజులు సెలవు పెట్టి ఒక చిన్న పల్లెటూరికి వెళ్తున్నానంటే "అక్కడేముంది?" అన్నారు. "గుహలు" అన్నా. "గుహలు చూడ్డానికి ఫ్రాన్స్ దాకా రావాలా? మీ కర్నూలు జిల్లాలోనే బోలెడున్నాయిగా!" అన్నాడు మా గుంటూరు రూమ్మేటు. (మా బేతంచెర్ల 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది. అయినా ఇప్పటికీ నోటికి కర్నూలే వస్తుంది.) వాడు వెటకారానికే అన్నాడుగానీ, ఆ మాట వెనక ఎంత కథ ఉందో అప్పుడు వాడికీ తెలీదు, నాకూ తెలీదు.

ఆ ఊరి పేరు లెజెజీ. దోర్దోన్య్ అనే జిల్లాలో, వెజేర్ అనే ఏటి ఒడ్డున ఉంది. మా ఆఫీసులో ఒక ఫ్రెంచి ఆవిడ చెప్పింది, "చరిత్ర అంటే ఇష్టమన్నావు కదా, పారిస్ తర్వాతైనా చూడొచ్చు, ముందు అక్కడికి వెళ్ళు" అని. సరే, చరిత్ర అంటే నాకిష్టం అని నేనెప్పుడన్నానో గుర్తులేదు. ఏదో లంచ్ టైములో గొప్పకి అనుంటాను :)

బోర్డోలో రైలెక్కి, పెరిగూ అనే ఊళ్ళో దిగి, అక్కడ చిన్న రైలెక్కాలి. మన డెమూ బండి లాంటిది. పెరిగూ దాటాక ఊళ్ళు చిన్నవైపోతాయి, అడవి దగ్గరికొచ్చేస్తుంది. లెజెజీ స్టేషన్లో నాతోపాటు దిగింది ఇద్దరే. ఒక ముసలాయన, ఆయన కుక్క.

స్టేషన్ నుంచి ఊళ్ళోకి నడిచే దారిలో ముందుగా కనబడేది కొండ. కొండంటే మన ఎర్రమల కొండల్లా వాలుగా పైకి పోయేది కాదు. ఏటికి ఒక పక్కన గోడ కట్టినట్టు నిట్టనిలువుగా నిలబడ్డ సున్నపురాయి. దాని పైభాగం ముందుకి పొడుచుకొచ్చి, కింద చూరులాగా నీడ పడుతుంది. ఆ చూరు కింద ఇళ్ళు. కొన్ని ఇళ్ళకి వెనక గోడ ఆ కొండే. అంటే వెనక గోడ ఖర్చు మిగిలిందన్నమాట. మేస్త్రీలు రాకముందు నుంచీ, ఇల్లు అనే మాట పుట్టకముందు నుంచీ, మనుషులు అక్కడ ఉంటున్నది ఈ చూరు కోసమే. వాన తడపదు, ఎండ తగులుతుంది, కింద ఏట్లో నీళ్ళున్నాయి, చేపలున్నాయి, ఆ నీళ్ళకి జంతువులొస్తాయి. మనమిప్పుడు ఫ్లాటు కొనేముందు చూసే లిస్టు కూడా దాదాపు ఇదే కదా.

వేసవిలో టూరిస్టులతో కిటకిటలాడుతుందట. నేను వెళ్ళిన నవంబర్లో సగం దుకాణాలు మూసున్నాయి. కిటికీ చెక్కలు దించేసిన ఇళ్ళు, పొయ్యిల్లో కాలే కట్టెల వాసన, ఏటి మీద పొగమంచు. ఒకే ఒక్క హోటలు తెరిచుంది. మెనూ చూస్తే మొదటి నుంచీ చివరిదాకా బాతే. బాతు కాలు, బాతు కాలేయం, బాతు కొవ్వులో వేయించిన బంగాళాదుంపలు. నేను గుడ్డు తప్ప ఇంకేం ముట్టను కాబట్టి ఆమ్లెట్టు, ఆ ప్రాంతానికి పేరు తెచ్చిన వాల్‌నట్లతో చేసిన కేకు తిని బతికాను.

సరే, అసలు విషయానికొస్తే...

స్టేషన్ దగ్గర్లోనే ఒక హోటలు ఉంది. దాని వెనకే కొండ కింద ఒక చిన్న పల్లం లాంటి చోటు. ఆ చోటు పేరు క్రోమాన్యోన్. అవును, మనం స్కూల్లో సోషల్ పుస్తకంలో చదువుకున్న క్రోమాగ్నన్ మానవుడు ఇక్కడివాడే. ఆ ప్రాంతపు పాత భాషలో "క్రో" అంటే తొర్ర, గుంట. 1868లో రైల్వే లైను దగ్గర పని కోసం మట్టి తవ్వుతున్న కూలీలకి ఎముకలు దొరికాయి. లూయీ లార్తే అనే ఆయన వచ్చి చూస్తే కనీసం ఐదుగురి అస్థిపంజరాలు, వాటితోపాటు బొక్కలు పెట్టిన సముద్రపు గవ్వలు. మెళ్ళో వేసుకోవడానికన్నమాట. సముద్రం అక్కడికి వంద మైళ్ళ దూరంలో ఉంది. దాదాపు 30 వేల ఏళ్ళ కిందట, చచ్చిపోయిన మనిషికి నగలు పెట్టి సాగనంపిన జనం వాళ్ళు.

ఈ లూయీ వాళ్ళ నాన్న ఎదువార్ లార్తే. చదివింది న్యాయశాస్త్రం, పిచ్చి మాత్రం ఎముకల మీద. ఈయనా, హెన్రీ క్రిస్టీ అనే లండన్ బ్యాంకరూ కలిసి 1863 నుంచి ఈ వెజేర్ లోయంతా తవ్వడం మొదలెట్టారు. ఒకాయన బుర్ర, ఒకాయన డబ్బు. మంచి స్టార్టప్ కాంబినేషన్. 1864లో లెజెజీకి దగ్గర్లోనే లా మద్లేన్ అనే చోట వాళ్ళకి ఒక దంతం ముక్క దొరికింది. దాని మీద ఒక మామత్ బొమ్మ చెక్కుంది.

ఆ ముక్క ఎందుకు అంత ముఖ్యమో కాస్త ఆలోచించండి. అప్పటిదాకా యూరప్‌లో పెద్ద వాదన నడుస్తోంది. ఎప్పుడో అంతరించిపోయిన జంతువుల కాలంలో మనిషి ఉన్నాడా లేడా అని. రాతి పనిముట్ల పక్కన మామత్ ఎముకలు దొరికితే, "ఏదో వరదలో కొట్టుకొచ్చి కలిసిపోయుంటాయి" అని కొట్టిపారేసేవాళ్ళు. కానీ మామత్ దంతం మీద, జూలుతో సహా, మామత్ బొమ్మ గీసినవాడు మామత్‌ని కళ్ళతో చూసుండాలి కదా! ఇంక వాదించేదేముంది?

ఇంకో సంగతి. ఈ లోయలోని ఊళ్ళ పేర్లే ప్రపంచమంతటా రాతియుగం దశలకి పేర్లయి కూర్చున్నాయి. లా మద్లేన్ నుంచి మాగ్డలేనియన్, ల మూస్త్యే నుంచి మూస్టేరియన్. మన భాషలో చెప్పాలంటే రాతియుగానికి నేమ్‌స్పేస్ మొత్తం ఈ చిన్న ఏటి ఒడ్డునే డిక్లేర్ చేశారు. ఆ మాగ్డలేనియన్ అనే మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దాని దగ్గరికి.

మర్నాడు పొద్దున్నే ఫాన్ ద గోమ్ గుహకి వెళ్ళాను. ఒకే బొమ్మలో పలు రంగులు కలిపి వేసిన అసలు గుహల్లోకి మామూలు జనాన్ని పంపించడం ఫ్రాన్సులో దాదాపు ఇక్కడొక్కచోటే మిగిలింది. అదీ రోజుకి వంద మంది లోపే. చిన్న గుంపులుగా, గైడు వెంట ఉండాలి. సంచులు బయట పెట్టాలి, ఫొటోలు లేవు. తలుపు తాళం తీసి, మేం లోపలికెళ్ళగానే మళ్ళీ తలుపు వేసేసింది గైడు. ఆవిడకి ఇంగ్లీషు బాగానే వచ్చు.

లోపల సన్నటి దారి. కొన్ని చోట్ల భుజాలు రెండు పక్కలా తగులుతాయేమోనని ఒక పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది. గోడల్ని ముట్టుకోవద్దని ఆవిడ చెప్పిన ప్రతిసారీ నేను చేతులు కట్టుకున్నా. ఒకచోట ఆగి, లైటు తగ్గించి, చిన్న టార్చిని గోడకి పక్కగా పట్టుకుని మెల్లగా కదిపింది. ముందు ఏమీ కనబడలేదు, ఎర్రటి మరకలు తప్ప. ఆ తర్వాత రాయి ఉబ్బుగా ఉన్నచోట ఒక మూపురం కనబడింది. మూపురం కింద మెడ, మెడ కింద కొమ్ము. అడవిదున్న! బొమ్మ గీసినవాడు ముందు రాయిని చూశాడు, ఆ ఉబ్బులో దున్న మూపురాన్ని పోల్చుకున్నాడు, మిగిలినదే గీశాడు. ఎర్రమట్టీ, మాంగనీసు నలుపూ, అంతే రంగులు. టార్చి కదులుతుంటే దున్న ఊపిరి పీలుస్తున్నట్టే ఉంది. అటు తర్వాత రెండు రెయిన్‌డీర్లు. ఒకటి ముందుకి వంగి ఉంది, రెండోది దాని నుదురు నాకుతోంది. చాలావరకు వెలిసిపోయింది, గైడు వేలితో గాల్లో గీసి చూపిస్తే తప్ప తెలీదు. తెలిశాక మాత్రం ఇంక కళ్ళలోంచి పోదు.

పదిహేను వేల ఏళ్ళ ప్రాంతం నాటి బొమ్మలవి. నేనైతే అప్పటికి చరిత్రంటే రాజులు, యుద్ధాలు, శాసనాలు అనుకున్నాను. రాజు అనే వాడు పుట్టకముందే ఎవడో ఒకడు చీకట్లోకి దీపం పట్టుకుని వచ్చి, ఒక జంతువు ఇంకో జంతువు నుదురు నాకడాన్ని గుర్తుపెట్టుకుని గీశాడు. నాకు కాసేపు మాట రాలేదు.

అప్పుడే గైడు టార్చిని ఇంకోవైపు తిప్పి, "ఇవి కూడా చూడండి" అంది. గోడ మీద పేర్లు! పందొమ్మిదో శతాబ్దంలో వచ్చినవాళ్ళు రాళ్ళతో గీకిన పేర్లు.

అంటే ఏంటి? ఆ గుహ ఊరివాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. పిల్లలు ఆడుకునేవాళ్ళు, జనం దీపాలు పట్టుకుని సరదాగా వచ్చి పేర్లు గీక్కుని వెళ్ళేవాళ్ళు. బొమ్మల మీదే చేతులు పెట్టి ఉంటారు. ఒక్కరూ బొమ్మలు చూడలేదు. 1901 సెప్టెంబర్ 12న ఊరి బడిపంతులు దెనీ పేరోనీ లోపలికి వెళ్ళి, చూశాడు.

ఈ పేరోనీ గురించి మ్యూజియంలో చదివాక నాకు చాలా నచ్చాడు. 1869లో దగ్గర్లోని పల్లెలోనే పుట్టాడు. 1891లో లెజెజీ స్కూలుకి పంతులుగా వచ్చాడు. పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ, ఖాళీ దొరికినప్పుడల్లా కొండల్లో తిరుగుతూ తనంతట తను నేర్చుకున్నాడు. డాక్టర్ కాపితాన్, ఇరవై నాలుగేళ్ళ కుర్ర ఫాదరీ ఆన్రీ బ్రొయ్, ఈయనా కలిసి ఆ సెప్టెంబర్ 8న కాంబరెల్ అనే గుహలో చెక్కిన బొమ్మలు కనిపెట్టారు. నాలుగు రోజులకే ఫాన్ ద గోమ్. ఒకే వారంలో రెండు!

అది అంత పెద్ద విషయం ఎందుకయిందంటే, దానికి ఇరవై ఏళ్ళ ముందు ఒకాయనకి ఘోరమైన అన్యాయం జరిగింది. స్పెయిన్‌లో ఆల్తమీరా గుహలో 1879లో సౌతువోలా అనే ఆయన నేల తవ్వుకుంటుంటే, వెంట వచ్చిన ఆయన చిన్న కూతురు మరియా తల పైకెత్తి "నాన్నా, ఎద్దులు!" అన్నట్టుగా కప్పు మీద బొమ్మల్ని చూపించింది. ఆయన ఆ సంగతి ప్రచురిస్తే ఫ్రెంచి పండితులు నమ్మలేదు. ఆటవికులు ఇంత బాగా ఎలా గీస్తారు, ఇవి ఈమధ్య ఎవరో గీసినవే అన్నారు. వాళ్ళలో ముఖ్యుడు ఎమీల్ కార్తాయాక్. సీనియర్ ఆర్కిటెక్టు బగ్గుని చూడకుండానే "నాట్ రీప్రొడ్యూసిబుల్" అని టికెట్టు క్లోజ్ చేసినట్టన్నమాట. పాపం సౌతువోలా 1888లో ఆ నింద మోస్తూనే పోయాడు.

తర్వాత 1895లో లెజెజీ పక్కనే లా మూత్ గుహలో బొమ్మలు బయటపడ్డాయి. ఆ దారి అంతకుముందు మట్టితో పూడిపోయి ఉంది. ఆ మట్టిలోనే రాతియుగం నాటి వస్తువులున్నాయి. మరి మట్టి పూడకముందే లోపలి బొమ్మలు గీసుండాలి కదా? ఆ తర్వాత 1901లో ఈ రెండు గుహలు. 1902 ఆగస్టులో పండితులు గుంపుగా లెజెజీ వచ్చి, లోపలికి దూరి, తమ కళ్ళతో చూశారు. ఆ ఏడాదే కార్తాయాక్ "ఒక సంశయవాది తప్పొప్పుకోలు" అనే అర్థం వచ్చే పేరుతోనే వ్యాసం రాసి, తను చేసింది తప్పని ఒప్పుకున్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాతైనా టికెట్టు రీఓపెన్ చేశాడు. నిజం చెప్పొద్దూ, అలా పేరు పెట్టి ఒప్పుకున్న సీనియర్‌ని నేను ఇప్పటిదాకా చూడలేదు.

ఇదంతా విని, "ఆహా, వాళ్ళెంత బాగా చూసుకుంటారో, మనమే ఇలా ఉన్నాం" అనే రొటీన్ డైలాగుకి వస్తున్నానని అనుకుంటున్నారేమో. ఆగండి. నేనూ మొదట అదే అనుకున్నా. మ్యూజియంలో రెండు గంటలు తిరిగాక ఆ అభిప్రాయం మారింది. వాళ్ళు చేసిన వెధవ పనులు తక్కువేం కాదు.

ల మూస్త్యేలో 1908లో ఒక నియాండర్తల్ కుర్రాడి అస్థిపంజరం దొరికింది. దాన్ని తవ్వించిన ఓట్టో హౌజర్ అనే స్విస్ వ్యాపారి 1910లో బెర్లిన్ మ్యూజియానికి అమ్మేశాడు. దాని పుర్రె ఇప్పుడు బెర్లిన్‌లోనే ఉంది. ఊరికి దగ్గర్లోనే ఒక కొండచూరు కప్పు మీద మీటరు పొడవున సాల్మన్ చేప చెక్కుంది, ఇరవై వేల ఏళ్ళ పైబడినది. 1912లో అది బయటపడగానే, దాన్ని రాతితో సహా కోసి బెర్లిన్‌కి అమ్మాలని చూశారు. సగం కోశాక ఆపించారు. చేప చుట్టూ ఆ ఉలి గాడి ఇప్పటికీ లోతుగా ఉంది. నాకు లోపలికెళ్ళే బుకింగ్ దొరకలేదుగానీ, ఫొటోలోనే తెలిసిపోతోంది. చేప కన్నా ముందు ఆ గాడే కంటబడుతుంది.

ఇంక లాస్కో. అదీ ఈ వెజేర్ లోయలోనే, పైనున్న మోంతిన్యాక్ ఊరి పక్కన. 1940 సెప్టెంబర్ 12న, అంటే సరిగ్గా ఫాన్ ద గోమ్ దొరికిన తేదీనే, నలుగురు కుర్రాళ్ళు ఒక బొరియలోంచి లోపలికి జారారు. రావిదా, మార్సాల్, ఆన్యెల్, కోయెన్‌కాస్. ఫ్రాన్సు అప్పటికే జర్మనీ చేతిలో ఓడిపోయింది. కోయెన్‌కాస్ యూదుల పిల్లాడు, తర్వాత వాళ్ళమ్మా నాన్నా నాజీల క్యాంపులకి బలైపోయారు. ఈ కుర్రాళ్ళు కూడా ముందుగా చెప్పింది ఎవరికనుకున్నారు? తమ పాత బడిపంతులు లియోన్ లావాల్‌కి! రావిదా, మార్సాల్ గుహ ముందు గుడారం వేసుకుని మరీ కాపలా కాశారు.

1948లో జనానికి తెరిచారు. రోజుకి వెయ్యీ రెండు వందల మంది దాకా లోపలికెళ్ళారు. ఇరవై వేల ఏళ్ళు చెక్కుచెదరని బొమ్మల మీద పదిహేనేళ్ళలో పచ్చటి నాచు పట్టింది. కారణం వెరీ సింపుల్. మన ఊపిరి. అంతమంది వదిలిన కార్బన్ డయాక్సైడు, చెమట, వేడి, లైట్లు. 1963లో అప్పటి సాంస్కృతిక మంత్రి ఆంద్రే మల్రో గుహని మూయించేశాడు. 1983లో పక్కనే ఒక నకలు గుహ కట్టారు, 2016లో ఇంకా పెద్దది. ఇప్పుడు జనం చూసేది నకలునే. అసలుది తాళంలో ఉంది. ప్రొడక్షన్ సర్వరుకి అందరికీ యాక్సెస్ ఇస్తే ఏమవుతుందో మనకి తెలిసిందే కదా, చివరికి స్టేజింగ్ కట్టి జనాన్ని అటు పంపించారు. కానీ ప్రొడక్షన్ ఒకసారి పడిపోయాకే ఆ బుద్ధి వచ్చింది.

నాకర్థమయింది ఏంటంటే, ఆ ఊరి గొప్పతనం పాతదవడంలో లేదు. వాళ్ళ రక్తంలోనూ ఏమీ లేదు. ఒకడు ఆగి చూశాడు, ఇంకొకడు ఇక చాలని తలుపు మూశాడు. ఆ రెండింటికీ మధ్యలో బోలెడంత మంది పేర్లు గీక్కున్నారు, అమ్ముకున్నారు, ఊపిరి పీల్చారు.

ఆ రాత్రి హోటల్ గదిలోంచి ఇంటికి ఫోన్ చేశాను. మా అవ్వ ఎత్తింది.

"యాడున్నావు నాయనా?"

"గుహలు చూసేకి వచ్చినా అవ్వా."

"గుహలా? గుహలు చూసేకి అంత దూరం పోవాల్నా? మన బిల్లసర్గం ల్యాకపాయనా!"

ఇదేంటి, మా రూమ్మేటూ మా అవ్వా కూడబలుక్కున్నారా అనుకుని నవ్వుకున్నా. నిద్ర పట్టక, ఊరికే బిల్లసర్గం అని నెట్‌లో వెతికాను. ఇంక తెల్లారేదాకా ఫోన్ వదల్లేదు.

బేతంచెర్లకి దగ్గర్లోనే ఉంటాయి బిల్లసర్గం గుహలు. బిలస్వర్గం అని కూడా అంటారు. 1844లోనే న్యూబోల్డ్ అనే మిలిటరీ ఆఫీసరు అక్కడ ఎముకలున్నాయని రాశాడు. తర్వాత రాబర్ట్ బ్రూస్ ఫుట్ వచ్చాడు. జియలాజికల్ సర్వే ఉద్యోగి. భారతదేశంలో పాత రాతియుగపు పనిముట్టుని మొదటిసారి గుర్తుపట్టింది ఈయనే, మద్రాసు దగ్గర పల్లవరంలో, 1863 మే 30న. తేదీ చూడండి... లార్తే, క్రిస్టీ వెజేర్ లోయలో తవ్వడం మొదలెట్టిన ఏడాదే! మనం వెనకబడి ఏమీ లేం, ఒకే గీత మీద నిలబడి పరుగు మొదలెట్టాం.

డార్విన్ తరఫున వాదించిన హక్స్‌లీ ఉన్నాడే, ఆయన మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌తో కర్నూలు గుహలు తవ్వించమని చెప్పాడు. అలా 1884లో ఫుట్ బిల్లసర్గం చేరాడు. తర్వాత మిలిటరీలో ఉన్న ఆయన కొడుకు హెన్రీ ఆ తవ్వకాలు కొనసాగించాడు. గుహలకి వాళ్ళు పెట్టిన పేర్లు కెథడ్రల్, పర్గెటరీ, చార్నల్ హౌస్. అంతరించిన జంతువుల ఎముకలు, వాటితోపాటు మనిషి చెక్కిన ఎముక పనిముట్లు దొరికాయని ఫుట్ రాశాడు. ఆ పనిముట్లని దేనితో పోల్చాడో తెలుసా? మాగ్డలేనియన్‌తో. అంటే, నేనప్పుడు పడుకున్న మంచానికి కొద్ది దూరంలో ఉన్న లా మద్లేన్‌తో!

చాలామంది పండితులు అనుమానపడ్డారు. ఇక్కడా టికెట్టు అలాగే పడుంది. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి గారు అదే ప్రాంతంలో ముచ్చట్ల చింతమాను గవి అనే గుహ తవ్వితే, ఎముక పనిముట్లూ, మనిషి నిప్పు రాజేసిన పొయ్యి ఆనవాళ్ళూ దొరికాయి. దాదాపు పదిహేడు వేల ఏళ్ళ నాటివి. మన కార్తాయాక్‌లు తప్పొప్పుకున్నట్టు మాత్రం నేనెక్కడా చదవలేదు.

ఇంకా ఉంది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురం. 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో తోబా అనే అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద వచ్చి ఇక్కడ పడింది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ బృందం ఆ బూడిద పొర కిందా రాతి పనిముట్లున్నాయి, పైనా ఉన్నాయి అని 2007లో సైన్స్ పత్రికలో ప్రచురించింది. అంత ఉత్పాతం తర్వాత కూడా అక్కడ మనుషులు బతికి ఉన్నారన్నమాట. ఆ బూడిదని ఊరివాళ్ళు తవ్వి అమ్మేవాళ్ళు. దేనికి? గిన్నెలు తోమే పొడికి. మా అవ్వ పుట్టిల్లు బనగానపల్లె వైపే. నా చిన్నప్పుడు కొబ్బరిపీచుతో ఆవిడ తోమిన ఆ మెత్తటి తెల్లటి పొడి నాకు బాగా గుర్తుంది. ఇత్తడి చెంబు అద్దంలా మెరిసేది.

ఇంత రాసి, అసలు చెప్పాల్సింది దాటేస్తే నేను కార్తాయాక్ కన్నా కిందివాణ్ణి అవుతాను. ఫాన్ ద గోమ్‌లో గైడు పేర్ల మీద టార్చి వేసినప్పుడు అందరూ "ఛ ఛ" అన్నారు. నేను అనలేదు. ఎందుకంటే, 2016లో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మా బ్యాచి పిక్నిక్‌కి బిల్లసర్గం వెళ్ళింది. బిర్యానీ తిని, పాటలు పెట్టుకుని, సెల్ఫీలు దిగి, వచ్చేముందు ఒక గుండ్రాయి తీసుకుని నేను గోడ మీద నా పేరు గీకాను. పక్కన సంవత్సరం కూడా వేశాను. ఎందుకని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. బేతంచెర్లలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు ఆ గుహ గురించి ఒక్క ముక్క తెలీదు. మా ఊళ్ళో ఎవరూ చెప్పలేదు. కానీ నేనూ ఎవర్నీ అడగలేదు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాయన బండి తీసుకుని, మా అన్న కొడుకుని వెనక ఎక్కించుకుని వెళ్ళాను. వాడికి తొమ్మిదేళ్ళు. పైకప్పు కూలిపోయి ఆకాశం కనబడే ఆ గోడల మధ్య నిలబడి, ఫుట్ దొర, హక్స్‌లీ, ఎముక సూదులు, అన్నీ చెప్పుకుపోతున్నా. వాడు సగం విన్నాడో లేదో, గోడలు చూస్తూ ముందుకెళ్ళి, ఒకచోట ఆగిపోయాడు.

"చిన్నాయనా, ఇది నీ పేరే కదా?"

"అవునురా. నేనే రాసినా. రాయగూడదు, తప్పు చేసినా."

"తుడిచేద్దామా?"

"వద్దు. గీకితే రాయి ఇంగా పోతాది."

వాడు కాసేపు ఆలోచించి, మళ్ళీ ఆ పేరుకేసి చూసి, "ఐతే ఎప్పటికీ ఉంటాదా?" అన్నాడు.

ఉంటుంది. రివర్ట్ చెయ్యడానికి లేని కమిట్ అది. నేను పోయాక కూడా, మా వాడు పోయాక కూడా, రెండు వేల పదహారులో ఒక ఇంజనీరింగ్ కుర్రాడు ఇక్కడికొచ్చి ఏమీ చూడకుండానే వెళ్ళాడని ఆ గోడ చెబుతూనే ఉంటుంది.

మీలో ఎవరైనా బెలుం గుహలకో, యాగంటికో వెళ్ళేవాళ్ళుంటే, అటునుంచి ఒక గంట మిగుల్చుకుని బిల్లసర్గం కూడా చూసి రండి. పిల్లలుంటే తీసుకెళ్ళండి, వాళ్ళు మనకన్నా బాగా చూస్తారు. దేన్నీ ముట్టుకోకండి. అక్కడ ఒక పేరు కనబడితే తిట్టుకోండి, ఏమీ అనుకోను.